రెండో పేరు: మాంట్ బ్లాంక్ తొలి ఆరోహణ కథ

"ఎత్తైన కొండల మీద అన్నం ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఎందుకు?"

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్న ఇది. మన బడిలో చదివిన వాళ్ళెవరూ దీన్ని తప్పించుకోలేదు. "ఎత్తుకు పోయేకొద్దీ వాతావరణ పీడనం తగ్గును. పీడనం తగ్గిన నీటి మరుగు స్థానం తగ్గును. కావున..." అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. సైన్సు మాస్టారు మాత్రం అంతటితో వదిలేవారు కాదు. "ఏ కొండరా? ఎవరు ఎక్కారు? అక్కడ పొయ్యి ఎవరు వెలిగించారు?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. పుస్తకంలో ఉంది కదా, మళ్ళీ ఎవరో ఎక్కి చూడడమెందుకు అని మేం లోపల్లోపల విసుక్కునేవాళ్ళం.

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని కార్యదర్శి ఫోను చేసినప్పుడు, "నీ ఉద్యోగం గురించి రాయరా" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా జలవిద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు బిగించినవాడి కథ ఎవరు చదువుతారు? అందుకని మాస్టారి ఎదురు ప్రశ్నకు, నలభై ఏళ్ళు ఆలస్యంగా, జవాబు రాస్తున్నాను. ఈ జవాబులో నేను తీర్చవలసిన పాత బాకీ కూడా ఒకటుంది. దాని సంగతి చివర చెప్తాను.

కూడలిలో ఇద్దరు, పక్కన ఒకడు

ఏడేళ్ళ క్రితం టర్బైన్ పరీక్షల పని మీద ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వెళ్ళాను. ఒక ఆదివారం ఖాళీ దొరికితే అక్కడి ఇంజనీర్లు షామోనీ అనే ఊరికి తీసుకెళ్ళారు. ఊరు సముద్ర మట్టానికి 1,035 మీటర్ల ఎత్తున, ఇరుకైన లోయలో ఉంది. దాని నెత్తి మీదే మాంట్ బ్లాంక్. ఎత్తు 4,800 మీటర్లకు పైచిలుకు. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. ఇక్కడ ఊరి నుంచి శిఖరానికే 3,770 మీటర్ల తేడా. హెడ్ లెక్క చూసుకోవడం మా వృత్తిలో అలవాటు కాబట్టి మొదట నాకు తట్టింది ఆ అంకే.

ఊరి కూడలిలో ఒక కంచు విగ్రహం ఉంది. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన తలెత్తి చూస్తుంటే, పక్కన ఒక పల్లెటూరి మనిషి చెయ్యి చాపి శిఖరాన్ని చూపిస్తుంటాడు. కోటు వేసుకున్నాయన జెనీవా శాస్త్రజ్ఞుడు హోరేస్ బెనెడిక్ట్ డి సొస్యూర్. చెయ్యి చూపిస్తున్నవాడు జాక్ బల్మా. విగ్రహం పెట్టింది 1887లో. అక్కడికి కొంచెం ఎడంగా ఇంకో విగ్రహం ఉంది. ఒక మనిషి ఒంటరిగా కూర్చుని కొండకేసి చూస్తుంటాడు. ఆయన పేరు మిషెల్ గాబ్రియెల్ పక్కార్. ఆ విగ్రహం పెట్టింది 1986లో.

ఈ కొండను మొట్టమొదట ఎక్కింది ఇద్దరు. బల్మా, పక్కార్. ఎక్కింది ఒకే రోజు, ఒకే గంటలో. అయినా ఒకరి విగ్రహానికీ ఇంకొకరి విగ్రహానికీ మధ్య 99 ఏళ్ళు ఎందుకు పట్టింది? ఆ ప్రశ్న నాతో పాటు ఇంటికొచ్చింది. తర్వాత దొరికిన పుస్తకాలన్నీ చదివాను.

ఇరవై ఆరేళ్ళ సర్వే

మంచు అంటే మనకు సంక్రాంతి పొద్దున పొలాల మీద కమ్ముకునే పొగమంచు. షామోనీ మంచు వేరు. ఏళ్ళ తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే అణిగి, గట్టిపడి, గాజులా మారి, కొండవాలు మీద నదిలాగే కదులుతుంది. అందుకే దాన్ని హిమానీనదం అంటారు. కదలిక రోజుకు జానెడో మూరెడో కాబట్టి కంటికి తెలియదు. వాలు మారిన చోట, వంపు తిరిగిన చోట మంచు నిలువునా పగులుతుంది. తాటిచెట్టును నిలబెట్టినా మునిగిపోయేంత లోతైన పగుళ్ళు ఉంటాయి. వాటి మీద కొత్త మంచు పలచగా కప్పుతుంది. పాడుబడ్డ బావి మీద ఆకులూ కంపా కప్పినట్టు. అడుగు వేసేదాకా కింద ఏముందో తెలియదు.

సొస్యూర్ ఇరవై ఏళ్ళ వయసులో, 1760లో, మొదటిసారి షామోనీ వచ్చాడు. ఈ కొండ మీదికి దారి కనిపెట్టిన వాళ్ళకు బహుమతి ఇస్తానని ప్రకటించాడు. ఆయనకు శిఖరం మీద జెండా పాతాలన్న కోరిక కంటే అక్కడ బారోమీటరు నిలబెట్టాలన్న కోరిక ఎక్కువ. బహుమతి ప్రకటించాక పదిహేనేళ్ళ దాకా చెప్పుకోదగ్గ ప్రయత్నమే జరగలేదు. ఊరివాళ్ళు స్ఫటికాలు ఏరుకోవడానికీ, కొండమేకల్ని వేటాడడానికీ మంచు అంచు వరకూ వెళ్ళేవాళ్ళు. ఆ పైన వాళ్ళకు పనేముంది?

1775లో నలుగురు షామోనీ వాళ్ళు మంచు మీద చాలా ఎత్తుకు వెళ్ళారు. చలికి భయపడి బయల్దేరితే, మంచు మీంచి తిరిగి కొట్టే ఎండ వాళ్ళను మాడ్చేసింది. తిండి సహించలేదు. కళ్ళు మండి చూపు మసకబారింది. దిగొచ్చేశారు. 1783లో ముగ్గురు వెళ్ళారు. వాళ్ళలో గట్టివాడనుకున్న మనిషికి మంచు మీద ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చింది. అక్కడే వదిలేస్తే చచ్చిపోతాడు కాబట్టి మిగతా ఇద్దరూ అతన్ని వెంటబెట్టుకుని దిగారు. ఆ ముగ్గురిలో ఒకడు సొస్యూర్‌తో, ఇంకోసారి వెళ్తే తిండి మూట మోసుకెళ్ళననీ, ఒక గొడుగూ ఒక అత్తరు బుడ్డీ చాలనీ చెప్పాడట. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ ఎండ దెబ్బ, వికారం అనే రెండు సమస్యల్నీ అతను సరిగ్గానే పట్టుకున్నాడు.

1785 సెప్టెంబరులో సొస్యూరే స్వయంగా బయల్దేరాడు. పడమటి వైపు రాతి గట్టు మీదుగా వెళ్తే మంచు బాధ తగ్గుతుందని ఆలోచన. దారిలో రాళ్ళతో చిన్న గుడిసె కట్టించి రాత్రి అందులో పడుకున్నారు. పై భాగంలో కొత్త మంచు పడి ఉండడంతో వెనక్కి వచ్చేశారు.

మా వృత్తిలో ఒక ప్రాజెక్టు మొదలెట్టే ముందు సర్వేలు చేస్తాం, బోర్లు వేస్తాం. పది బోర్లు వేస్తే తొమ్మిదింట్లో పనికిరాని రాయి తగులుతుంది. ఆ తొమ్మిదీ వృథా కాదు. పునాది ఎక్కడ వేయకూడదో చెప్పేవి అవే. ఈ ఇరవై ఆరేళ్ళ ప్రయత్నాలను నేను అలాగే చదివాను. ఒకడు ఎండ సంగతి చెప్పాడు. ఒకడు నిద్ర సంగతి చెప్పాడు. ఒకడు ఈ గట్టు పనికిరాదని చెప్పాడు. చివరికి మిగిలింది అన్నిటికంటే పెద్ద అడ్డంకి. అది కొండ మీద కాదు, మనుషుల మనసులో ఉంది. మంచు మీద రాత్రి గడిపితే తెల్లారేసరికి బతకరని అందరి నమ్మకం. అందుకే ప్రతివాళ్ళూ ఒక్క పగలులో ఎక్కి దిగాలని చూశారు. ఆ ఎత్తుకు ఒక్క పగలు చాలదు. అంటే ఎస్టిమేటు మొదట్లోనే తప్పు.

1786 జూన్‌లో ఆ నమ్మకం పోయింది. మిగతా వాళ్ళతో పాటు పైకి వెళ్ళిన జాక్ బల్మా వాళ్ళ నుంచి విడిపోయి, ఒంటరిగా మంచు మీదే రాత్రి గడిపాడు. మర్నాడు నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. అతనికి ఇరవై నాలుగేళ్ళు. స్ఫటికాలు ఏరి అమ్ముకునే మనిషి. వేసుకొచ్చిన ప్రణాళిక ఏమీ లేదు. ఉన్నదల్లా మొండి ధైర్యం. అయినా ఆ ఒక్క రాత్రి ఇరవై ఆరేళ్ళ లెక్కను సరిచేసింది.

డాక్టరు గారి దుర్భిణి

పక్కార్ అదే ఊరి డాక్టరు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. టురిన్‌లో వైద్యం చదివి వచ్చాడు. అప్పటికే రెండు మూడుసార్లు వేర్వేరు వైపుల నుంచి కొండను ప్రయత్నించాడు. ఖాళీ దొరికినప్పుడల్లా లోయలో నిలబడి దుర్భిణితో కొండను చదివేవాడు. ఏ నెలలో ఏ వాలు మీద మంచు జారుతుంది, పగుళ్ళు ఎక్కడ తెరుచుకుంటాయి, రాళ్ళ వరస ఎక్కడ మొదలవుతుంది అని ఏళ్ళ తరబడి చూసి పెట్టుకున్నాడు. రూట్ అలైన్‌మెంట్ అంటే అదే కదా.

ఎవరు ఎవర్ని రమ్మన్నారన్నది తర్వాత పెద్ద తగువైంది. ఇద్దరికీ ఇద్దరూ అవసరమన్నది మాత్రం నిజం. బల్మాకు మంచు తెలుసు, బహుమతి కావాలి. పక్కార్‌కు దారి తెలుసు, పైన బారోమీటరు చూడాలి.

1786 ఆగస్టు 7 మధ్యాహ్నం బయల్దేరి, రెండు హిమానీనదాల మధ్య ముక్కులా పొడుచుకొచ్చిన రాతి గట్టు చివర పడుకున్నారు. మంచు మొదలయ్యే ముందు దొరికే ఆఖరి నేల అదే. తెల్లవారుజామున నాలుగింటికి మంచు మీద అడుగు పెట్టారు. తాడు లేదు. మంచు గొడ్డలి లేదు. చేతిలో పొడుగాటి కర్రలు, వీపున దుప్పట్లు, బారోమీటరు, థర్మామీటరు, దిక్సూచి. పగుళ్ళ మీది పలచటి మంచు కాలి కింద విరిగినప్పుడు కర్రను అడ్డంగా వేసి, దాని మీద బోర్లా పడి ఆగారు.

ఆ సాయంత్రం షామోనీలో ఇంకో దుర్భిణి వాళ్ళను చూస్తోంది. జర్మనీలోని గోర్లిట్జ్ ప్రాంతం నుంచి ప్రయాణానికి వచ్చిన ఫాన్ గెర్స్‌డార్ఫ్ అనే ఆయనది. వాళ్ళు ఎక్కుతున్న దారిని బొమ్మ గీసుకుని, పక్కన గడియారం చూసి టైములు రాసుకున్నాడు. సాయంత్రం 6 గంటల 23 నిమిషాలకు ఇద్దరూ శిఖరం మీద ఉన్నారు. 6 గంటల 57 నిమిషాలకు దిగడం మొదలుపెట్టారు. పైన ఉన్నది 34 నిమిషాలు. మంచు మీద అడుగు పెట్టింది మొదలు శిఖరం దాకా పద్నాలుగు గంటలకు పైనే.

ఇది చదవగానే నాకు ఒక అనుమానం వచ్చింది. సూర్యాస్తమయం ముందు దిగడం మొదలెడితే, పగుళ్ళలో పడకుండా చీకట్లో ఎలా వచ్చారు? కాగితం తీసి చంద్రుడి లెక్క వేశాను. పౌర్ణమి ఆగస్టు 9న. అంటే వాళ్ళు దిగిన రాత్రి చంద్రుడు దాదాపు నిండుగా ఉన్నాడు. వెన్నెల్లో దిగి అర్ధరాత్రి వేళకు రాతి గట్టు చేరుకున్నారు. ఆ తేదీ కావాలని ఎంచుకున్నారో, కలిసొచ్చిందో గానీ, దుర్భిణితో ఏళ్ళ తరబడి కొండను చూసినవాడు చంద్రుణ్ణి చూసుకోకుండా బయల్దేరాడంటే నేను నమ్మను.

మర్నాడు పొద్దుటికి పక్కార్‌కు మంచు వెలుగు వల్ల చూపు పోయింది. చేతులు మంచుకు కొరుక్కుపోయాయి. కొన్నాళ్ళకు కోలుకున్నాడు.

పొయ్యి ఎవరు వెలిగించారు?

మాస్టారి ప్రశ్నకు జవాబు మరుసటి ఏడాది దొరికింది. 1787 ఆగస్టు 1న సొస్యూర్ తన నౌకరుతో, పద్దెనిమిది మంది గైడ్లతో బయల్దేరాడు. అంతకు ముందు నెలలో బల్మా ఇంకో ఇద్దరితో కలిసి మళ్ళీ ఎక్కి, దారి బాగుందని ఖాయం చేసి వచ్చాడు. మా భాషలో ట్రయల్ రన్. పగుళ్ళు దాటడానికి నిచ్చెన. పడుకోవడానికి గుడారం. మంచు కరిగించి నీళ్ళు చేసుకోవడానికి బొగ్గులు, చిన్న పొయ్యి. రెండో రాత్రి మంచు మీద పడుకోవాలంటే గైడ్లు భయపడ్డారు. మంచును లోతుగా తవ్వి, పైన గుడారం కప్పి, అందరం ఒకచోటే ఉందామని సొస్యూర్ వాళ్ళను ఒప్పించాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది కొలతల ఏర్పాటు. శిఖరం మీద ఒక్క బారోమీటరు చూస్తే ఎత్తు తెలియదు. కింద అదే వేళకు పీడనం ఎంతుందో కూడా తెలియాలి. అందుకని షామోనీలో ఆయన కొడుకు, జెనీవాలో సెనెబియే అనే మిత్రుడు అదే సమయంలో తమ బారోమీటర్లు చూసేలా ముందే మాట్లాడుకున్నారు. ఆకాశం ఎంత నీలంగా ఉందో కొలవడానికి, లేత నుంచి ముదురు దాకా నీలిరంగు వేసిన కాగితపు ముక్కలు కూడా పట్టుకెళ్ళాడు. ఊళ్ళో ఆయన భార్య, ఆమె అక్కచెల్లెళ్ళు దుర్భిణితో చూస్తూ, ఆయన శిఖరం చేరడం కనపడగానే జెండా ఎగరేయాలని ఏర్పాటు.

ఆగస్టు 3న పదకొండు గంటల వేళ శిఖరం చేరాడు. నాలుగున్నర గంటలు అక్కడ పనిచేశాడు. సముద్రం ఒడ్డున మూడు గంటల్లోపు ముగించిన ప్రయోగాలు అక్కడ నాలుగున్నర గంటల్లోనూ పూర్తి కాలేదు. ఒక పరికరం సరిచేయడానికి వంగితే ఆయాసం, ఆగి ఊపిరి పీల్చుకోవాలి. సముద్ర మట్టం దగ్గర 760 మిల్లీమీటర్లు నిలబడే పాదరసం అక్కడ 430 మిల్లీమీటర్ల దరిదాపుల్లో నిలబడింది. మూడు చోట్ల కొలతలూ కలిపి తేల్చిన ఎత్తు 4,775 మీటర్లు. ఇవాళ్టి లెక్కకూ దానికీ తేడా నూటికి ఒక పాలు కూడా లేదు.

తర్వాత దీపం వెలిగించి నీళ్ళు పెట్టాడు. ఆయన థర్మామీటరులో మరుగు స్థానం 80 డిగ్రీలు. ఆ శిఖరం మీద నీళ్ళు 69 దగ్గరే మరిగాయి. మన సెంటీగ్రేడులో సుమారు 86. అయితే అలా మరగడానికి అరగంట పట్టింది. గాలి పలచబడితే మనిషే కాదు, దీపం కూడా నీరసంగా మండుతుంది. ఇది మన రెండు మార్కుల జవాబులో లేదు. మాస్టారూ, ఆ కొండ ఇదీ, ఆ పొయ్యి ఇదీ.

మంచు దాచినవి

ఈ కథలో మోతలు మోసిన వాళ్ళ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. 1820 ఆగస్టులో హామెల్ అనే రష్యా దేశపు డాక్టరు, ఇద్దరు ఆంగ్లేయులు గైడ్లతో బయల్దేరారు. వాతావరణం పాడై కొత్త మంచు పడింది. గైడ్లు తటపటాయించారు. అయినా బృందం పైకే సాగింది. 20వ తేదీన పైన వాలు మీద మంచు పలకలా జారింది. ముగ్గురు గైడ్లు కింద పగులులోకి కొట్టుకుపోయారు. శవాలు దొరకలేదు. మరుసటి ఏడాదే షామోనీ గైడ్లు తమ సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

జేమ్స్ ఫోర్బ్స్ అనే స్కాట్లండు భౌతికశాస్త్రజ్ఞుడు తర్వాత అక్కడి హిమానీనదాల వేగం కొలిచాడు. ఆ వేగాన్ని బట్టి, పోయిన వాళ్ళ అవశేషాలు సుమారు నలభై ఏళ్ళకు కింది కొస దగ్గర బయటపడతాయని చెప్పాడు. 1861లో, నలభై ఒకటో ఏట, బయటపడ్డాయి. ఆనాడు ప్రాణాలతో బయటపడ్డ గైడొకడు ముసలివాడై ఇంకా బతికే ఉన్నాడు. తన తోటివాళ్ళ ఆనవాళ్ళు గుర్తుపట్టాడు. మంచులో పడింది మాయమైపోలేదు. తన వేగంలో తాను నడిచి, లెక్క ప్రకారం ఊరి దగ్గరికి వచ్చింది.

ఒక పేరు ఎలా పోయింది

ఇక పక్కార్ సంగతి. కొండ దిగగానే బల్మా జెనీవా వెళ్ళి బహుమతి తెచ్చుకున్నాడు. అందులో తప్పు లేదు. అదే కొండ కోసం మూడుసార్లు ప్రయత్నించి ఓడిపోయిన బూరీ అనే జెనీవా రచయిత ఆ సెప్టెంబరులోనే ఒక లేఖ అచ్చువేశాడు. అందులో ఘనతంతా బల్మాది, డాక్టరుది వెనకాల ఈడ్చుకొచ్చిన పాత్ర. పక్కార్ పుస్తకం రాస్తానని ప్రకటన ఇచ్చాడు. ఆ పుస్తకం రానే లేదు. తన వంతు నిజమేనని బల్మా చేత సాక్షుల ముందు సంతకం చేయించి పత్రికలో వేయించాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. విచిత్రమేమిటంటే పక్కార్ తర్వాత బల్మా చెల్లెల్నే పెళ్ళి చేసుకున్నాడు. 1827లో పోయాడు.

అయిదేళ్ళ తర్వాత, 1832లో, 'త్రీ మస్కటీర్స్' రాసిన అలెగ్జాండర్ డ్యూమా షామోనీ వచ్చాడు. డెబ్బై ఏళ్ళ బల్మాను కూర్చోబెట్టి కథ చెప్పించుకున్నాడు. ముసలాయన చెప్పిన కథలో డాక్టరు కొండ మీద కూలబడిపోతే, తాను శిఖరం చేరి వచ్చి లాక్కెళ్ళినట్టు ఉంది. కాదనడానికి డాక్టరు లేడు. డ్యూమా కలం బలమైనది. లోకం ఆ కథే నమ్మింది. 1887 విగ్రహంలో మూడో మనిషికి చోటు లేకపోయింది.

పక్కార్‌ను తిరిగి తెచ్చింది ఆ జర్మన్ ప్రయాణికుడి నోటుపుస్తకం. ఇరవయ్యో శతాబ్దంలో పరిశోధకులు ఆ కాగితాలు బయటికి తీసి, టైములూ బొమ్మలూ సరిచూశారు. ఇద్దరూ కలిసే శిఖరం చేరారు. ఆ రోజు ఆయనకు ఎవరి పక్షమూ లేదు. కంటికి కనపడింది, గడియారం చూసి, అప్పటికప్పుడు రాసుకున్నాడు, అంతే. అందుకే నూట ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అది పనికొచ్చింది.

అక్కడి వాళ్ళను తప్పుపట్టడానికి మనమేం తక్కువ తినలేదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మలావత్ పూర్ణ, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. మనందరికీ ఆ పేరు తెలుసు, గర్వంగా చెప్పుకుంటాం. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లదాఖ్ మీదుగా ఎవరెస్టు దాకా సాగింది. అదే శిక్షణ పొంది, అదే రోజు అదే శిఖరం ఎక్కిన ఇంకో గురుకుల విద్యార్థి ఉన్నాడు. ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఆ పేరు ఎంతమందికి తెలుసని మొన్న మా ఆఫీసులో అడిగాను. పన్నెండు మందిలో ఒక్కరు చెప్పారు.

నా బాకీ

1983లో మన బడి తరఫున జిల్లా సైన్స్ ఫెయిర్‌కు వెళ్ళిన ప్రయోగం పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గుండ్రటి కుప్పెలో నీళ్ళు మరిగించి, సారాయి దీపం తీసేసి, బిరడా బిగించి తలకిందులు చేస్తాం. మరగడం ఆగిపోతుంది. అప్పుడు కుప్పె మీద చన్నీళ్ళు పోస్తే లోపలి నీళ్ళు మళ్ళీ కుతకుత మరుగుతాయి. చన్నీళ్ళకు లోపలి ఆవిరి నీరై పీడనం పడిపోతుంది, అదీ కిటుకు. కొండ శిఖరం మీద జరిగేది అక్కడ బల్ల మీదే చూపించామన్నమాట. మొదటి బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ మీద నా పేరు ఉంది. హెడ్మాస్టారి గదిలో చాలాకాలం వేలాడింది.

ఆ ప్రయోగం నాది కాదు. నా పక్క బెంచీ మిత్రుడిది. ఆవిరి లోపలి గాలినంతా తోసేసేదాకా ఆగకుండా బిరడా బిగిస్తే ప్రయోగం చెడుతుందని వాడే కనిపెట్టాడు. అలా కనిపెట్టే లోపు లాబ్‌లో రెండు కుప్పెలు పగిలాయి. నాకు గొంతు ఉంది, వాడికి నలుగురి ముందు నోరు పెగలదు. అందుకని వివరించడం నా పని, చెంబుతో నీళ్ళు పోయడం వాడి పని అని అనుకున్నాం. న్యాయనిర్ణేత ఒకాయన, "ఇది చేసిందెవరు?" అని అడిగారు. "నేనే సార్" అన్నాను. వాడు పక్కనే చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. ఇద్దరి పేర్లూ రాయమని మాస్టారు అడిగారు గానీ, సర్టిఫికెట్ మీద పేరుకు ఒక్క గీతే ఉంది. రెండోసారి అడగనివ్వకుండా నేను చెయ్యి చాచి తీసేసుకున్నాను.

వాడు పదో తరగతి తర్వాత చదవలేకపోయాడు. మన ఊళ్ళోనే మోటారు రీవైండింగ్ షాపు పెట్టుకున్నాడు. మన సంఘం సభ జరిగిన ప్రతిసారీ మైకు సెట్టు బిగించేది వాడే. మైకు ముందు మాట్లాడేది మళ్ళీ మాలాంటి వాళ్ళమే.

ఈ వ్యాసం రాసే ముందు షాపుకు వెళ్ళి సంగతి చెప్పాను. తీగ చుడుతూనే విన్నాడు. "నువ్వు ఆ రోజు మాట్లాడకపోతే మనకు ఆ బహుమతే వచ్చేది కాదురా" అన్నాడు. కాసేపాగి, "చేసింది నేనే అని నాకు తెలుసు. కానీ మా పిల్లలకి చెప్తే నమ్మలేదు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను లేస్తుంటే మాత్రం, "పేరు రాస్తే రాయి గానీ, కుప్పెల సంగతి రాయకు. మాస్టారు వస్తున్నారంట, లెక్క అడుగుతారు" అని నవ్వాడు. కుప్పెల సంగతి కూడా రాసేశాను. మాస్టారూ, ఆ రెండు కుప్పెల ఖరీదు నా ఖాతాలో వేసుకోండి.

ఈ సంచిక చివర బడికి బహుమతులు తెచ్చిన విద్యార్థుల జాబితా ఉంది. 1983 వరసలో నా పేరుకు ముందు ఇంకో పేరు చేర్చమని కార్యదర్శికి ఉత్తరం రాసి ఇచ్చాను. ఆ పేజీ ప్రూఫు నేనే చూశాను. ఆ పేరు ఉంది, అక్షరదోషం లేకుండా.